ఫిలిప్పీ చెరసాల నాయకుని ఇంటివారు

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో, భూకంపానికి తలుపులన్నీ తెరుచుకున్న ఆ రాత్రి, ఫిలిప్పీ చెరసాల నాయకుడు అక్కడ బందీలుగా ఉన్న సువార్తికులు పౌలు సీలల గాయాలు కడిగి, వెంటనే తన ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడు. చంటిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వవచ్చునా అన్న వాదన వచ్చినప్పుడల్లా ఉభయ పక్షాలవారూ తెరిచే భాగమిదే. ఇంటివారందరూ అన్నప్పుడు ఒడిలో బిడ్డ ఉండడా అని ఒకరంటారు. ఇంట ఉన్నవారందరికీ ముందుగా వాక్యం బోధించారని 32వ వచనం చెప్పలేదా అని మరొకరంటారు. ఆ ఇంట్లో ఎవరి వయసెంతో ఆ గ్రంథం రాసిన లూకా రాయలేదు. రాయనిదాన్ని రుజువుగా చూపడం ఎవరికీ తగదు.

శిశు బాప్తిస్మానికి ఇంతకంటే గట్టి ఆధారం కొలొస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. అక్కడ పౌలు సున్నతినీ బాప్తిస్మాన్నీ పక్కపక్కనే పెట్టాడు. ఎనిమిదో దినాన సున్నతి పొందిన పసివాడు ఏమీ ఎరగకుండానే దేవుని నిబంధనలో చేరాడు కదా. అయితే పెంతెకొస్తు దినాన పేతురు మారుమనస్సు పొందమని చెప్పిన తరువాతే బాప్తిస్మం మాట ఎత్తాడు. సుమారు 200వ సంవత్సరంలో తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ పసిపిల్లల విషయంలో తొందరపడవద్దని సలహా ఇచ్చాడు. విచిత్రమేమంటే, అప్పటికే పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తున్నారని తెలిపే తొలి సాక్ష్యాల్లో ఆ సలహా కూడా ఒకటి.

మన ప్రాంతంలో ఈ రెండు సంప్రదాయాలూ ఇరుగుపొరుగునే పెరిగాయి. 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరుకు తెచ్చిన లూథరన్ సంఘం బిడ్డల తలపై నీళ్లు పోసి, పెద్దయ్యాక వారి నోట విశ్వాసాన్ని ఒప్పించి, ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, చేరుస్తుంది. ఒంగోలు బాప్టిస్టులు బిడ్డను ప్రార్థనతో దేవునికి ప్రతిష్ఠించి, తానే ఒప్పుకునే వయసు వచ్చాక నీళ్లలో ముంచుతారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు కరువు సహాయం జరిగినంతకాలం, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వ్యక్తిగత విశ్వాసం మీద అంత పట్టు ఉన్న ఆ సంఘంలోకి కూడా జనం కుటుంబాలుగా, పల్లెలకు పల్లెలుగా తరలిరావడం నాకు ఫిలిప్పీనే గుర్తుచేస్తుంది.

చిక్కంతా పెళ్లి సంబంధం కుదిరినప్పుడు వస్తుంది. లూథరన్ ఇంటి పిల్లను, చిన్ననాటి చిలకరింపు చెల్లదు, మళ్లీ ముంచుడు బాప్తిస్మం తీసుకోమని బాప్టిస్టులైన అత్తవారి సంఘం అడుగుతుంది. వారి దృష్టిలో అది రెండోసారి కాదు, మొదటిసారే. ఆ నమ్మకాన్ని తేలిగ్గా తీసివేయలేం. 1527లో జూరిచ్‌లో, విశ్వసించినవారికే బాప్తిస్మం అన్న ఫెలిక్స్ మాంజ్‌ను ఈ నమ్మకం కోసమే లిమ్మాత్ నదిలో ముంచి చంపారు. అయినా ఏళ్లుగా ప్రభువు బల్లలో పాలుపొందుతున్న విశ్వాసిని ముహూర్తానికి ముందు తొందరపెట్టి నీళ్లలోకి దించితే, మనస్సాక్షితో చేసిన ఒప్పుకోలు అన్న బాప్టిస్టు సూత్రానికే అది విరుద్ధమవుతుందని నా అభిప్రాయం. ఆమె సంఘం ఎదుట నిలబడి తన విశ్వాసాన్ని తన మాటల్లో చెప్పగలిగితే దాన్ని అంగీకరించడం మేలు. అలాగే, బిడ్డకు నీళ్లు పోయించిన రోజున వాక్యంలో పెంచుతామని మాట ఇచ్చి, ఆ తరువాత ఇంట్లో బైబిలు తెరవని తల్లిదండ్రులను లూథరన్ సంఘం కూడా నిలదీయాలి.