పూత మీద తోట కొన్నట్టు, ఏప్రిల్‌లో స్కీ పాస్

పోయినేడు ఏప్రిల్‌లో ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆయన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, “పన్నెండు దాటితే రేటు పెరుగుతుందట, కొనేద్దామా?” అన్నారు. డెన్వర్‌లో అప్పటికి మంచు కరిగిపోయి డ్రైవ్‌వే మీద నీళ్లు పారుతున్నాయి. మేమేమో వచ్చే డిసెంబర్‌లో పడబోయే మంచుకి డబ్బు కట్టడానికి, అంటే సీజనంతా స్కీయింగ్‌కి వెళ్లే పాస్ ముందే కొనడానికి కూర్చున్నాం. “ఎన్ని రోజులు వెళ్తామంటారు?” అని అడిగితే ఏమాత్రం తడుముకోకుండా పద్దెనిమిది అన్నారు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇంచుమించు వారానికో శనివారం, పైన క్రిస్మస్ సెలవులు. ఇద్దరికీ కలిపి 1,700 డాలర్లు, అంటే మనిషికి రోజుకి 47 డాలర్లు. వెయిల్ లాంటి పెద్ద స్కీ కొండ దగ్గర రద్దీ రోజుల్లో కౌంటర్ దగ్గర ఒక్క రోజు టికెట్టే 300 డాలర్లు దాటుతోంది. ఇంకేముంది, కొనేశాం.

వెళ్లింది ఆరు రోజులు.

ఒక శనివారం పిల్లాడి పుట్టినరోజు పార్టీ, ఇంకో శనివారం చిన్నదానికి జ్వరం, రెండు వారాలు మా ఆయన ఆఫీసులో రిలీజ్, జనవరి నెలాఖరులో ఇండియా నుంచి అత్తయ్యగారు రావడం, మిగతావి ఉత్త బద్ధకం. రోజుకి 47 అనుకున్నది 142 అయి కూర్చుంది. బూట్లు, స్కీలు అద్దెకి తెచ్చుకున్న ఖర్చు ఇందులో వెయ్యలేదు, వేస్తే మళ్లీ ఇంట్లో గొడవ.

మా తాతగారి ఊళ్లో మామిడి తోటల్ని వ్యాపారులు పూత మీదే కొనేసేవాళ్లు. చెట్టు నిండా పూత ఉందా లేదా చూసి బేరం కుదుర్చుకోవడం, డబ్బు కట్టేయడం, ఆ తర్వాత కాపు నిలుస్తుందో గాలివానకి రాలిపోతుందో కొన్నవాడి అదృష్టం. రైతు మాత్రం ముందే డబ్బు చేతిలో పడింది కాబట్టి నిశ్చింతగా ఉంటాడు. స్కీ పాస్ అచ్చంగా ఇదే బేరం, కాకపోతే ఇక్కడ కొనేవాడికి పూత కూడా కనపడదు. వెయిల్ రిసార్ట్స్ అనే కంపెనీ వాళ్లు 2008లో ఎపిక్ పాస్‌ని 579 డాలర్లకి తెచ్చినప్పుడు చేసింది ఇదే. ఒకటే పాస్, చాలా కొండలు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, కానీ సీజన్ మొదలవకముందే కొనాలి. మంచు పడినా పడకపోయినా డబ్బు వాళ్ల ఖాతాలో చేరిపోయింది కాబట్టి ఎండు శీతాకాలం తాలూకు నష్టంలో సగం మన నెత్తికి వచ్చినట్టే. అలాగని మోసం అనను, ఎక్కువసార్లు వెళ్లేవాళ్లకి నిజంగానే చవక. కౌంటర్ టికెట్ రేటు అంత ఘోరంగా ఎందుకుంటుందో అనేది మాత్రం నాకు దీంతోనే అర్థమైంది. అది అమ్మడం కోసం పెట్టిన రేటు కాదు, పాస్ వైపు తోలడానికి పెట్టిన రేటు.

ఆ ఎపిక్ రేటు పెరుగుతూ వచ్చి, 2021లో ఒకసారి 20 శాతం తగ్గించి 783 చేశారు. 2025-26 సీజన్‌కి మొదట్లో కొంటే 1,051. తమాషా ఏమిటంటే అదే సీజన్‌కి ఎపిక్ లోకల్ అనే చిన్న పాస్ 783. అంటే 2021లో పెద్దది దొరికిన రేటుకి 2025-26కి చిన్నది దొరికింది.

అవతలి వైపు ఐకాన్ పాస్. 2018లో ఆల్టెరా కంపెనీ మొదలుపెట్టింది. 2025-26కి పెద్దది 1,329, బేస్ అనే చిన్న పాస్ 909. ఎక్కువగా అడిగే ప్రశ్న “ఎపిక్ మంచిదా ఐకాన్ మంచిదా” అనే. నన్నడిగితే ప్రశ్నే తప్పు. రెండింటిలోనూ పేర్ల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎపిక్‌లో వెయిల్, బీవర్ క్రీక్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, క్రెస్టెడ్ బ్యూట్, యూటాలో పార్క్ సిటీ, కెనడాలో విస్లర్. ఐకాన్‌లో వింటర్ పార్క్, కాపర్, స్టీమ్‌బోట్, అరాపహో బేసిన్, ఆస్పెన్ స్నోమాస్, జాక్సన్ హోల్. జపాన్, ఆల్ప్స్ కూడా ఉంటాయి, మా ఆయన ఆ రాత్రి జపాన్ ఫొటోలే చూపించారు. ఇద్దరు చిన్నపిల్లల్ని వేసుకుని స్కీయింగ్‌కి జపాన్ ఎవరు వెళ్తారు? జాబితాలో వంద కొండలున్నా మనం వెళ్లేది శనివారం పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి రాగలిగిన వాటికే. అవి రెండో మూడో ఉంటాయి. వాటి పేర్లు కాగితం మీద రాసుకుని, అవి ఏ పాస్‌లో ఉన్నాయో అది కొనాలి, అంతే.

డెన్వర్ వాళ్లకి ఈ లెక్కలో ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, కొండల్లోకి వెళ్లే ఐ-70 హైవే. బ్రెకెన్‌రిడ్జ్ 80 మైళ్లు, మ్యాప్‌లో గంటన్నర. శనివారం ఆరు దాటాక బయల్దేరారా, ఫ్లాయిడ్ హిల్ దగ్గర నుంచే బ్రేకు లైట్ల బారు. మంచు బాగా పడిన మర్నాడు అయితే ఊరంతా మీతోపాటే ఉంటుంది. ఒకసారి తిరిగి రావడానికి మాకు నాలుగు గంటలు పట్టింది. ఆ హైవే మీదున్న ఐసెన్‌హోవర్ టన్నెల్‌కి అవతలే అరగంట నిలబడిపోయాం, వెనక సీట్లో చిన్నది బాత్రూం అని ఏడుపు, నేను కిటికీలోంచి పక్క కారు వాళ్లు తాపీగా శాండ్‌విచ్‌లు తినడం చూస్తూ కూర్చున్నాను. వింటర్ పార్క్‌కి టన్నెల్ అక్కర్లేదు, ముందే పక్కకి తిరిగి బెర్తూడ్ పాస్ అనే కనుమ ఎక్కి దిగాలి, ఆ మలుపులకి పెద్దాడికి ప్రతిసారీ వాంతి. కానీ శీతాకాలం వారాంతాల్లో డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి వింటర్ పార్క్‌కి రైలుంది, దిగితే ఎదురుగానే కొండెక్కించే లిఫ్ట్‌లు. నాకైతే ఐకాన్ వైపు మొగ్గడానికి అదొక్కటే పెద్ద కారణం.

ఇక చిన్న అక్షరాల సంగతి. తక్కువ రేటు పాసులు రెండింటిలోనూ కోతలుంటాయి, అవి అన్ని కొండలకీ ఒకలా ఉండవు. ఎపిక్ లోకల్‌తో బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్‌లలో దాదాపు సీజనంతా తిరగొచ్చు గానీ వెయిల్, బీవర్ క్రీక్ వంటి వాటికి కలిపి పది రోజులే, పండగ రోజుల్లో అవీ చెల్లవు. ఐకాన్ బేస్‌లో ఆస్పెన్, జాక్సన్ హోల్ అసలే రావు, కొన్ని కొండలకి రోజుల లెక్కా బ్లాకౌట్ తేదీలూ ఉంటాయి. పెద్ద ఐకాన్ అయినా ఆస్పెన్‌కి ఏడు రోజులే.

బ్లాకౌట్ అంటే ఏమిటో నాకు చదివితే ఎక్కలేదు, అనుభవంతో ఎక్కింది. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వచ్చిన శనివారం, నాలుగున్నరకి లేచి, పిల్లలకి నిద్రలోనే థర్మల్స్ తొడిగి, పార్కింగ్ దొరికించుకుని, ఆ గట్టి బూట్లేసుకుని రోబోల్లా టక్కుటక్కుమని నడుచుకుంటూ లిఫ్ట్ లైన్ దాకా వెళ్లాం. పాస్ జేబులోంచి తీయక్కర్లేదు, గేటు దానంతటదే చదువుకుంటుంది. పిల్లలు దాటారు, పచ్చ లైటు. నేను అడుగు ముందుకేశాను, ఎర్ర లైటు, ఒక వికారమైన చప్పుడు, గేటు కదల్లేదు. వెనక ముప్పై మంది. మా ఆయన తన జేబు గేటుకి ఆనించి రుద్దుతున్నారు, గేటుకి ఆనడం లేదేమో అన్నట్టు. లిఫ్ట్ దగ్గరున్న అమ్మాయి స్కానర్ చూసి, ఈ రోజు మీ పాస్‌కి చెల్లదండీ అని చాలా మర్యాదగానే చెప్పింది. ఏ కొండో ఏ పాసో చెప్పను, తప్పు పూర్తిగా మాదే, కొన్న రోజు వచ్చిన మెయిల్‌లో తేదీలన్నీ ఉన్నాయి, మేమే తెరవలేదు. గేటుకి అవతల పిల్లలిద్దరూ నిలబడి మమ్మల్ని చూస్తున్నారు, జూలో జంతువుల్ని చూసినట్టు.

ఉద్యోగాలు చేసే, బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో సెలవు దొరికేదే ఆ రోజుల్లో. అవి తీసేసిన పాస్ ఎంత చవకైనా మనకి చవక కాదు. వారం మధ్యలో వెళ్లగలిగినవాళ్లు, రిటైరైనవాళ్లు, షిఫ్టు ఉద్యోగాలవాళ్లు కళ్లు మూసుకుని చిన్న పాస్ కొనుక్కోవచ్చు.

ఇంకో సంగతి, మీరు కొన్న జాబితా ఎప్పటికీ అలాగే ఉండదు. అరాపహో బేసిన్ చాలా ఏళ్లు వెయిల్ వాళ్ల పాసుల మీదే ఉండేది. జనం, పార్కింగ్ తట్టుకోలేక 2018-19 సీజన్ తర్వాత బయటికి వచ్చేసి ఐకాన్ వైపు వెళ్లింది, 2024లో ఏకంగా ఆల్టెరానే ఆ కొండని కొనేసింది. ఒక్కోసారి కొండ అక్కడే ఉన్నా పని జరగదు. 2024 డిసెంబర్ 27న పార్క్ సిటీలో కొండ మీద భద్రత చూసే స్కీ పట్రోల్ వాళ్లు సమ్మె మొదలుపెట్టి జనవరి 8 దాకా చేశారు, సరిగ్గా సెలవుల రద్దీలో, కొండలో చాలా భాగం మూసే ఉంచాల్సి వచ్చింది. పాస్‌తోపాటు వచ్చే రక్షణలు ఉన్నాయి గానీ (ఎపిక్‌కి గాయాలు, ఉద్యోగం పోవడం లాంటివాటికి డబ్బు వెనక్కిచ్చే పద్ధతి ఉంది) బద్ధకానికి రీఫండ్ ఎవరూ ఇవ్వరు.

పిల్లల సంగతి వేరు, ఇది మాత్రం మన వాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కొలరాడోలో కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకి ఎపిక్ స్కూల్‌కిడ్స్ అని ఉచిత పాస్ ఉంది, వెయిల్, బీవర్ క్రీక్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ లాంటి చోట్ల ఒక్కోదానికి నాలుగేసి రోజులు. దీనికి గడువు శీతాకాలానికి ముందే అయిపోతుంది, మంచు చూశాక గుర్తొస్తే లాభం లేదు. మూడు నుంచి ఆరో తరగతి వాళ్లకి కొలరాడో స్కీ కంట్రీ అనే సంఘం వాళ్ల పాస్‌పోర్ట్ ఇంకొకటి, కొంచెం ఫీజుంటుంది, అందులో వేరే కొండలు. మా పెద్దాడు నాలుగో తరగతి, వాడికి రెండూ వర్తిస్తాయి. ఇంటిల్లిపాదిలో స్కీ పాసుల విషయంలో అందరికంటే లాభపడింది వాడే.

ఆరేడు రోజులకి మించి వెళ్లని మాలాంటివాళ్లకి అసలు బేరం వేరే చోట ఉంది. ఎపిక్ డే పాస్ అని ఒకటి నుంచి ఏడు రోజుల దాకా ఎన్ని కావాలంటే అన్ని రోజులకి ముందే కొనుక్కోవచ్చు, ఐకాన్‌కి అలాంటిదే సెషన్ పాస్ ఉంది. ఈ పెద్ద కంపెనీల చేతిలో లేని చిన్నచిన్న కొండలు కలిసిన ఇండీ పాస్ 2019లో 199 డాలర్లకి మొదలైంది, ఒక్కో కొండకి రెండు రోజులు. రోడ్డు ట్రిప్పులు ఇష్టపడేవాళ్లకి చాలా బాగుంటుంది, కాకపోతే లెక్కపెట్టి అమ్ముతారు కాబట్టి ఆలస్యమైతే వెయిట్‌లిస్టే. మౌంటెన్ కలెక్టివ్ అనే పాస్‌కి కూడా ఒక్కో చోట రెండు రోజులే, కానీ పెద్ద పెద్ద కొండలు, ఆపైన వెళ్తే సగం రేటు. అది ఏడాదికోసారి వారం రోజులు సెలవు పెట్టి తిరిగేవాళ్ల పాస్, శనివారం కుటుంబాలది కాదు.

ఈసారి నేను లాప్‌టాప్ మా ఆయనకి ఇవ్వలేదు. టన్నెల్‌కి ఇవతలే ఉన్న లవ్‌లాండ్ వాళ్లు 4-పాక్ అమ్ముతారు, నాలుగు టికెట్లు, బ్లాకౌట్లు లేవు, మనం వెళ్లకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేయొచ్చు కూడా. మా ఇద్దరికీ చెరొకటి. పెద్దాడికి పాస్‌పోర్ట్ ఉంది, చిన్నదానికి పిల్లల టికెట్. పైన కీస్టోన్‌కి మాకు రెండేసి రోజుల డే పాస్, పిల్లలకి అక్కడ స్కూల్‌కిడ్స్ పాస్‌తో ఉచితం. మొత్తం ఆరు రోజులు. పోయినేడు వెళ్లింది ఎంతో ఈసారి కొన్నదీ అంతే.

“మంచు బాగా పడితే అప్పుడు బాధపడతావు” అన్నారు మా ఆయన. పడనివ్వండి, అప్పుడు చూద్దాం అన్నాను. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆరు శనివారాలకి నీలం పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టాను. మొన్న పాలు తీయడానికి వెళ్లి చూస్తే మార్చిలో ఏడో సున్నా ఉంది, ఎర్ర పెన్నుతో.