నా అనుభవం: రైల్ ప్రెషర్ కోడ్ పడింది, సెన్సార్ మాత్రం బాగానే ఉంది

పొక్లెయిన్ మానిటర్ మీద ఎస్‌పీఎన్ 157, ఎఫ్‌ఎంఐ 4 అని తప్పు కోడ్ (ఈ రెండు నంబర్లూ కలిస్తేనే ఒక కోడ్) పడగానే మన దగ్గర చాలామంది రైల్ ప్రెషర్ సెన్సార్ ఆర్డర్ పెట్టేస్తారు. 157 అంటే రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పైపులోని ప్రెషర్ కాబట్టి. చీమకుర్తిలో ఒక గెలాక్సీ గ్రానైట్ క్వారీలో నేను చూసిన మెషిన్‌కూ అదే జరిగింది. నేను వెళ్లేసరికే కొత్త సెన్సార్ బిగించేశారు. కోడ్ మాత్రం పోలేదు. పాత సెన్సార్‌ను ఓనరు గారు గుడ్డలో చుట్టి దాచిపెట్టారు. "ఇంక ఈసీఎం మార్చాలంటున్నారు బాబూ, ఒకసారి చూసి చెప్పు" అన్నారు. ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, దాన్ని మార్చడమంటే చిన్న ఖర్చు కాదు. ఇలాంటి మాట విని డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మెషిన్ 20 టన్నుల క్లాసు, కామన్ రైల్ ఇంజిన్. ల్యాప్‌టాప్ తీసే ముందు నేను ఆపరేటర్‌తో మాట్లాడతాను. "పొద్దున స్టార్ట్ చేస్తే ఏమీ ఉండదన్నా. బండరాయి లాగేటప్పుడు లైటు వెలిగి రేజు పడిపోద్ది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే" అన్నాడు. ఆ మాటల్లోనే సగం దారి దొరికింది. చచ్చిపోయిన సెన్సార్ పొద్దునా పనిచేయదు, సాయంత్రమూ పనిచేయదు. లోడు పడ్డప్పుడే తప్పు వస్తోందంటే, లోడుకి ఇంజిన్ మౌంటింగుల మీద ఊగినప్పుడు ఏదో వైరు కదులుతోందని నా అనుమానం.

ముందు కోడ్‌లన్నీ పుస్తకంలో రాసుకున్నాను. ఒక్కటి కూడా చెరపలేదు. ఈ మానిటర్‌లో పైన ఒక్క కోడే కనిపిస్తుంది, మిగతావి కిందికి జరుపుకుంటూ చూడాలి. 157 కింద 100 ఉంది, అది ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. దాని కింద 102, బూస్ట్ ప్రెషర్, అంటే టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ప్రెషర్. అన్నిటికన్నా కింద 3509. నాలుగింటికీ ఎఫ్‌ఎంఐ 4 ఉంది, ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క కూడా నాలుగింటికీ ఒకటే. అంటే నాలుగూ ఒకే క్షణంలో పడుతున్నాయి.

ఎస్‌పీఎన్ ఏ సర్క్యూటో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఆ సర్క్యూట్‌కు ఏమైందో చెబుతుంది. 3 అయితే వోల్టేజి ఉండాల్సినదానికన్నా ఎక్కువ, 4 అయితే తక్కువ, 5 అయితే కరెంటు తక్కువ లేదా వైరు తెగింది. 0 గానీ 1 గానీ వస్తే కథ వేరు: అప్పుడు సెన్సార్ నిజమే చెబుతోంది, ప్రెషరో వేడో నిజంగానే హద్దు దాటింది. ఆయిల్ ప్రెషర్‌కు 1, అంటే మరీ తక్కువ అని వస్తే వైరింగ్ వెతుక్కుంటూ కూర్చోకూడదు, వెంటనే ఇంజిన్ ఆపాలి. ఈ రెండో నంబరు చూడకుండా పార్టు మార్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక 3509 సెన్సార్ కోడ్ కానే కాదు. ఈసీఎం తన నుంచి సెన్సార్లకు పంపే 5 వోల్టుల సప్లై అది. ఈ ఇంజిన్‌లో రైల్, బూస్ట్, ఆయిల్ ప్రెషర్ సెన్సార్లు మూడూ మూడు వైర్లవి, మూడింటికీ ఆ సప్లై ఒక్కటే. అది ఎక్కడైనా బాడీకి తగిలితే మూడు సెన్సార్ల సిగ్నలూ ఒకేసారి కిందికి పడిపోతుంది. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ రెండు వైర్లది, ఈ సప్లై మీద ఆధారపడదు. దాని కోడ్ 110 లిస్టులో లేదు. నా అనుమానం గట్టిపడింది.

బూస్ట్ సెన్సార్ కనెక్టర్ వెనకనుంచి సన్నటి పిన్ను పెట్టి సప్లై కొలిచాను. కీ ఆన్‌లో 5 వోల్టులు, ఐడ్లింగ్‌లోనూ 5. మీటరు వైర్లు పొడుగు చేసి క్యాబిన్‌లోకి తెచ్చుకుని, బూమ్ పూర్తిగా ఎత్తి లీవర్ అలాగే పట్టుకోమన్నాను. ఇంజిన్ బరువు మోస్తూ ఒక్కసారి ఊగింది. మీటరు 5 నుంచి 0.2కి పడి, వెంటనే లేచి, మళ్లీ పడింది. లైటు వెలిగింది.

లోపల షార్టయిన సెన్సార్ కూడా సప్లైని ఇలాగే కిందికి లాగుతుంది. అందుకని ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో మూడు సెన్సార్ల కనెక్టర్లూ ఊడదీశాను. తర్వాత క్యాబిన్ వెనకున్న ఈసీఎం నుంచి మొదలుపెట్టి హార్నెస్‌ను, అంటే వైర్ల కట్టను, జానెడు జానెడు ఆడించుకుంటూ వచ్చాను. ఫ్రేమ్ మీంచి ఇంజిన్ మీదికి హార్నెస్ దూకే చోట, స్టార్టర్ మోటారు పైన, మీటరు సున్నాకి వచ్చింది. సెన్సార్లన్నీ ఊడి ఉన్నాయి, అయినా షార్టు ఉంది. ఇక తప్పు వైరులోనే.

అక్కడ హార్నెస్‌ను పట్టుకునే క్లిప్పుకు రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన ఇనుప అంచులో గ్రానైట్ పొడి గట్టిగా పేరుకుని, ఉప్పుకాగితంలా స్లీవును అరగదీసింది. స్లీవు చీలిస్తే లోపల ఒక వైరు మీద గింజంత రాగి కనబడింది. కీ ఆఫ్ చేసి, ఈసీఎం పూర్తిగా ఆగేదాకా ఉండి, బ్యాటరీ కట్ చేసి, ఈసీఎం కనెక్టర్ తీశాను. ఆ 5 వోల్టుల పిన్నుకూ బాడీకీ మధ్య మీటరు పెట్టి వైరును క్లిప్పుకు నొక్కితే బీప్, వదిలితే లేదు. ఓనరు గారికి కూడా నొక్కి చూపించాను. ఖర్చు ఆయనది, కళ్లారా చూడాలి.

పాడైన ముక్క కత్తిరించి కొత్త వైరు కలిపి, హీట్ ష్రింక్ వేసి, కొత్త స్లీవు తొడిగాను. పక్క వైర్ల ఇన్సులేషన్ కూడా నలిగి ఉంటే వాటినీ సరిచేశాను. కొత్త రబ్బరు క్లిప్పు బిగించేటప్పుడు ఇంజిన్ ఊగడానికి వీలుగా హార్నెస్ కొంచెం వదులుగా వదిలాను. అప్పుడు కోడ్‌లు చెరిపి, పాత రైల్ సెన్సార్‌నే మళ్లీ బిగించి, సాయంత్రం దాకా బండలు లాగించాం. లైటు వెలగలేదు. కొత్త సెన్సార్ స్పేరుగా ఉంటుందని ఓనరు గారు లోపల పెట్టుకున్నారు.

ఇలాంటి వైర్ల మీద 24 వోల్టుల బల్బు టెస్టర్ పెట్టొద్దు. 5 వోల్టుల లైనులోకి 24 పంపితే ఈసీఎం నిజంగానే పోతుంది. ఇన్సులేషన్‌కు సూది గుచ్చి చూడటం కూడా మంచిది కాదు, ఆ చిల్లులోంచి నీళ్లు దిగి కొన్నాళ్లకు వైరు లోపలే కుళ్లుతుంది. బకెట్‌కు వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ, ఈసీఎం కనెక్టర్లు తీయండి. సెన్సార్ కోడ్ కాక కమ్యూనికేషన్ కోడ్ వస్తే దారి వేరు: మెషిన్‌లోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు క్యాన్ హై, క్యాన్ లో. పవర్ తీసేసి వాటి మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర ఉండాలి, రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేనట్టు, లేదా మధ్యలో వైరు తెగినట్టు.

అదే క్వారీలో అదే మోడల్ మెషిన్ ఇంకొకటి ఉంది. దానికి ఏ కోడూ లేదు. అయినా అడిగి బానెట్ తీయించాను. అదే క్లిప్పు, రబ్బరు సగం ఊడి ఉంది, స్లీవు పైపొర అరిగింది, వైర్లు ఇంకా బాగానే ఉన్నాయి. క్లిప్పు, స్లీవు మార్చాం. ఇప్పుడు ఆ ఆపరేటర్లిద్దరూ గ్రీజు కొట్టేటప్పుడు ఆ చోట పొడి దులిపి చూస్తున్నారు.