పీవీఏ–బెంటోనైట్ షీటు: బోరు నీళ్లతో ఒకటి, బ్యాటరీ నీళ్లతో ఒకటి

పీవీఏ అంటే పాలీవినైల్ ఆల్కహాల్, నీళ్లల్ల కరిగే ప్లాస్టిక్. దాంట్ల కొంచెం మట్టి కలిపి పల్చటి షీట్లు చేసి చూస్తున్న. ఈసారి మార్చింది మట్టి నానబెట్టే నీళ్లు ఒక్కటే: ఒకదానికి బోరు నీళ్లు, ఇంకోదానికి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్. మిగతాదంతా పోయినసారి లెక్కనే.

మట్టి అంటే ఎర్తింగ్ గుంతల్లో పోసే బెంటోనైట్. నల్లగొండలో కరెంటు సామాన్ల దుకాణంలో తెచ్చిన. దాంట్ల అసలు సరుకు మాంట్‌మోరిల్లోనైట్. మన నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు బారేది ఈ జాతి ఖనిజాలతోనే. చల్క నేలల్లో ఎక్కువుండే కేయోలినైట్ అట్ల ఉబ్బదు, కాబట్టి ఎర్రమట్టితో ఈ పని కాదు.

మాంట్‌మోరిల్లోనైట్ పొరలు పొరలుగ ఉంటది. ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు (మిల్లీమీటరులో పది లక్షల వంతు). నడుమ సోడియం ఉంటే నీళ్లు దూరి పొరలను విడదీస్తయి, ఆ సందుల్లకు పీవీఏ గొలుసులు పోతయి. కాల్షియం చేరిందంటే పొరల ఎడం 2 నానోమీటర్ల లోపే ఆగిపోతది. మన బోరు నీళ్లల్ల కాల్షియానికి కొదవ లేదు!

కొలతలు: 100 మి.లీ. నీళ్లల్ల 2 గ్రాముల మట్టి, రాత్రంతా నాననిచ్చి, అడుగున ఇసుక వదిలి పైది వంచుకోవాలె. పీవీఏ 5 గ్రాములు, 100 మి.లీ. నీళ్లు. పొడిని చన్నీళ్లల్లనే చల్లి, గిన్నెను వేడినీళ్ల గంజులో పెట్టి 90 డిగ్రీల దగ్గర కలుపుకుంట ఉండాలె. వేడి నీళ్లల్ల పోస్తే ఉండలు కడ్తది. ఫెవికాల్ పనికిరాదు, అది పాలీవినైల్ అసిటేట్. దాంట్ల కలపడానికి మట్టి నీళ్లు 10 మి.లీ. చాలు, అంటే మట్టి పీవీఏ బరువులో 4 శాతం లోపే. ఆరబెట్టడానికి గాజు మీద పోస్తే షీటు అంటుకుపోతది. అడుగు చదునుగా ఉన్న ప్లాస్టిక్ ట్రే మేలు.

బోరు నీళ్లల్ల మట్టి తొందరగా కుచ్చులు కట్టి కిందికి దిగింది. షీటు మీద చుక్కలు, వేలికి గరుకు. బ్యాటరీ నీళ్లది పొద్దటికి కూడా మసకగనే తేలుతున్నది. షీటు నున్నగ, వెనక పేపరు అక్షరాలు చదవొచ్చు. పొరలు నిజంగా విడిపోయినయా లేదా అన్నది ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లోనే (ఎక్స్‌రేలతో పొరల ఎడం కొలిచే పరీక్ష) తేలుతది, నాది కంటి అంచనా.

మట్టి ఎక్కువేస్తే బలం ఎక్కువని అనుకోవద్దు. 1980లలో టయోటా వాళ్లు నైలాన్-6లో 5 శాతం లోపు మట్టితోనే, అది వేడికి వంగే హద్దును 65 నుంచి సుమారు 150 డిగ్రీలకు తెచ్చిండ్రు. అక్కడ నైలాన్‌ను పొరల నడుమనే తయారుచేసిండ్రు, మన ఇంటి పొయ్యి మీద అయ్యే పని కాదు.

ఇక వచ్చేసారి బెంటోనైట్‌కు బదులు నల్లరేగడి వంతు. దాంట్ల కాల్షియం ఎక్కువ కాబట్టి ముందు కొంచెం వాషింగ్ సోడా కలిపి నానబెడ్త. కాల్షియం బెంటోనైట్‌ను సోడియం రకంగా మార్చడానికి ఫ్యాక్టరీల్లో వాడేది కూడా సోడానే.