సిగరెట్ మానేశాను సార్

నాలుక పక్కన తెల్ల మచ్చ బయటపడేదాకా డాక్టర్లందరికీ నేను చెప్పిన మాట ఒక్కటే: "సిగరెట్ మానేశాను సార్." అందులో అబద్ధం లేదు. 2020 ఏప్రిల్ తర్వాత అప్పటిదాకా నేను సిగరెట్ ముట్టలేదు. పొగాకు నింపి కాల్చే పైపు సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

మాది మర్రిగూడ వైపు పల్లె. చదువు నల్లగొండలో, బతుకుదెరువు మిర్యాలగూడలో. ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పంతొమ్మిదో ఏట కాలేజీ ఎదుట చాయ్ బండి దగ్గర అంటుకున్న సిగరెట్ ఇరవై ఆరేళ్లు వదల్లేదు. మామూలు రోజుల్లో పదిహేను. సీజన్లో మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు వరుస కడితే ఇరవై దాటేవి. ఆ మధ్య దగ్గు తగ్గక చూపించుకుంటే, ఛాతీ ఎక్స్‌రే చూసిన డాక్టర్ "ఇప్పటికైనా ఆపు" అన్నాడు. ఆపలేదు. లాక్‌డౌన్ వచ్చి పెట్టె ధర రెట్టింపు పలికి, అదీ దొంగచాటుగా దొరికే రోజుల్లో, బీరువాలో పడున్న పైపు గుర్తొచ్చింది.

ఆ సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినప్పుడు మా బావమరిది ఇచ్చి పోయిన పైపు అది. "సిగరెట్ పొగ లోపలికి గుంజాలె బావా. దీన్ని నోట్లనే తిప్పి వదిలేస్తరు. డేంజర్ తక్కువ" అన్నాడు. మధ్యధరా సముద్రం ఒడ్డున పెరిగే ఒక పొద వేరు గడ్డతో దాని గిన్నె చెక్కుతారని, తొందరగా కాలదని కూడా చెప్పాడు. పైపుతో పాటు వెనిలా వాసన పొగాకు డబ్బా ఒకటి ఇచ్చాడు, యాభై గ్రాములది.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. పొగాకును వేళ్లతో విడదీయడం, అడుగున వదులుగా, పైన కాస్త గట్టిగా నింపడం, ఒకసారి అంటించి బూడిదను మెల్లగా నొక్కి మళ్లీ అంటించడం. సిగరెట్ నాలుగు నిమిషాల్లో అయిపోయేది. ఇది ముప్పావుగంట. మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే నేనేదో పెద్ద ప్రొఫెసర్నన్నట్టు అనిపించేది. మా ఆవిడ కూడా ఇంట్లో సిగరెట్ కంపు పోయిందని సంబరపడింది. అమ్మ మాత్రం ఒకసారి మేడ మీదికొచ్చి, ముక్కు ఎగబీల్చి, "మీ తాత చుట్ట ముట్టిస్తె వాడంత వాసనొచ్చేది. నీది ఊదుబత్తి లెక్కున్నది బిడ్డా, గంతే తేడా" అని దిగిపోయింది.

నెల తిరిగేసరికి వెనిలా చప్పబడింది. ఎంత కాల్చినా కడుపు నిండనట్టే ఉండేది. పైగా ఆ తడి పొగాకు గబగబా గుంజితే నాలుక చురచుర మండేది. ఇరవై ఆరేళ్లు ఊపిరితిత్తులకు అలవాటు చేసిన వాణ్ని, పొగను నోట్లో ఆపమంటే ఆగుతుందా? ఎవరూ చూడనప్పుడు లోపలికే పీల్చేవాణ్ని. అయినా తృప్తి లేదు. అప్పుడు ఘాటు పొగాకు వేటలో పడ్డాను.

మొదట మోసపోయింది లటాకియాతో. కట్టెల పొగలో ఆరబెట్టే నల్ల ఆకు. డబ్బా మూత తీస్తే కాలిన కట్టె వాసన. ఇది తప్పకుండా ఘాటుగా ఉంటుందనుకుని హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. ఇంటిల్లిపాదీ తలుపులు మూసుకున్నారు, నాకు మాత్రం ఏమీ ఎక్కలేదు. వాసన ఘాటు వేరు, నికోటిన్ ఘాటు వేరు అని అప్పుడు అర్థమైంది. తర్వాత బర్లీ. గాలికి ఆరబెట్టే ఆకు, తీపి ఉండదు, బలం ఉంటుంది. దాని తర్వాత నిప్పు సెగ మీద ఆరబెట్టిన ముదురు ఆకును తాడులా పేని అమ్మే రకం. కత్తితో పలచగా కోసుకుని నింపుకోవాలి. నా లెక్క ఏమిటంటే, ఘాటుదైతే రోజుకు ఒక్కసారి చాలు, ఖర్చూ తక్కువ, పొగా తక్కువ. మిల్లులో నూకల శాతం లెక్కగట్టే బుర్ర ఇక్కడ ఇట్లా పనిచేసింది.

ఆ తాడు పొగాకు మొదటిసారి కాల్చింది ఒక రాత్రి, అన్నం తినకముందు. సగం గిన్నె కూడా కాలలేదు, ఎక్కిళ్లు మొదలయ్యాయి. వెనకే చెమటలు. లేచి నిలబడితే మేడ పక్కకు ఒరిగినట్టయింది. గుండె దడదడ. పిట్టగోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. గుండెపోటే అనుకుని మా ఆవిడ పక్కింటి వాళ్ల కారులో ఆస్పత్రికి తీసుకుపోయింది. ఈసీజీ బాగానే ఉంది. "సిగరెట్ తాగుతారా?" అని డ్యూటీ డాక్టర్ అడిగాడు. "మానేశాను సార్" అన్నాను. గ్యాస్ అని గోళీ రాసిచ్చాడు. ఆయన తప్పేముంది? అడిగినదానికి నేను సరిగ్గానే జవాబిచ్చాను మరి.

ఆ రాత్రి నుంచి నేను నేర్చుకున్నది పైపు మానాలని కాదు, అన్నం తిన్నాక కాల్చాలని. రోజుకు ఒకటి అనుకున్నది మూడు నెలల్లో నాలుగయింది. ఘాటు మాత్రం తగ్గలేదు.

అట్లా మూడేళ్లు గడిచాయి. పైపు కాడను ఎప్పుడూ ఎడమ పక్క పళ్ల మధ్యే పట్టేవాణ్ని. అక్కడ ఒక పన్ను అరిగి జివ్వుమనడం మొదలైంది. పళ్ల డాక్టర్ దగ్గరికి పోవాలంటే నాకు చిన్నప్పటి నుంచీ సిగ్గు. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లతో నా పళ్ల మీద పసుపు గోధుమ చారలుంటాయి, నోరు తెరిచి నవ్వను, అద్దంలో నోరు చూసుకోను. 2023 నవంబర్లో నొప్పి తట్టుకోలేక నల్లగొండ వెళ్లాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పన్ను వదిలేసి నాలుకను గాజుగుడ్డతో పట్టి పక్కకు లాగింది. మచ్చను గీకి చూసింది. పోలేదు. అంగిలి కూడా తెల్లబారి, మధ్యమధ్య ఎర్ర చుక్కలున్నాయట.

"ఏం తాగుతరు అంకుల్?"

"సిగరెట్ మానేశానమ్మా."

"సిగరెట్ అడగలేదు నేను."

పైపు, తాడు పొగాకు, రోజుకు నాలుగు సార్లు, అన్నీ చెప్పాను. ఆమె ముఖం మారలేదు. మీ మిల్లులో హమాలీలు తంబాకు ఎట్లా నలుపుకుంటారో చూశారా అని అడిగింది. చూడకేం? బీహార్ నుంచి వచ్చిన పిల్లలు అరచేతిలో తంబాకు, సున్నం వేసి నలిపి పెదవి కింద పెట్టుకుంటారు. వాళ్లను నేను కసురుకునేవాణ్ని కూడా. సున్నం ఎందుకు కలుపుతారంటే, క్షారం తగిలితే నికోటిన్ బుగ్గలోంచే రక్తంలోకి పోతుంది. సిగరెట్ పొగకు ఆమ్ల గుణం ఉంటుంది, అందుకే దాన్ని ఊపిరితిత్తుల దాకా గుంజాల్సి వస్తుంది. పైపు పొగ క్షారం వైపు ఉంటుంది, నోట్లో ఉంచుకున్నా చాలు, ఎక్కుతుంది. "మీ పైపు, వాళ్ల సున్నం ఒకటే పని చేస్తయి అంకుల్. మీరు పొగ లోపలికి కూడా పీల్చిండ్రు, అంతే" అంది. అంగిలి మీదిది వేడి వల్ల వచ్చింది, పొగ ఆపితే పోతుంది. నాలుక పక్కదాన్ని మాత్రం ముక్క తీసి పరీక్షకు పంపాలి.

హైదరాబాద్‌లో ముక్క తీశారు. మత్తు సూది, రెండు కుట్లు, పావుగంట పని. రిపోర్ట్ రావడానికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులు మిల్లులో వానాకాలం వడ్లు దిగుతున్నాయి. తేమ శాతం రాయాల్సిన గడిలో బస్తాల లెక్క రాశాను, ఒకసారి కాదు. నాలుకతో ఆ కుట్లను తడుముకోవద్దనుకుంటూనే తడుముకునేవాణ్ని. రాత్రిళ్లు నిద్ర పట్టక మేడ మీదికి పోతే కుర్చీ అక్కడే ఉండేది. నాలుగో రాత్రి పైపు నింపాను కూడా. అంటించలేదు. ధైర్యం ఉండి కాదు, కుట్ల మీద పొగ తగిలితే మండుతుందని భయపడి.

రిపోర్ట్‌లో క్యాన్సర్ లేదు. కణాల్లో మార్పు మొదలైంది, స్వల్ప స్థాయిలో. ఇట్లాంటివి అన్నీ క్యాన్సర్ కావు, కొన్ని అవుతాయి, ఏది అవుతుందో ముందే చెప్పలేం అన్నారు. మచ్చ మొత్తాన్ని కోసి తీసేశారు. పది రోజులు జావ, మజ్జిగ అన్నం. కారం వాసనకే కళ్లలో నీళ్లొచ్చేవి.

మానడం కోత కంటే కష్టమైంది. మొదటి వారం అందరి మీదా అరిచాను, అమ్మ మీద కూడా. మలబద్ధకం, తలనొప్పి, మధ్యాహ్నం మూడింటికి చేతులు ఖాళీగా ఉన్నట్టు ఒకటే టెన్షన్. పుండు మానాక 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ రాసిచ్చారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే మళ్లీ అవే ఎక్కిళ్లు. రెండుసార్లు కొరికి బుగ్గకు, చిగురుకు మధ్య పెట్టి ఊరుకోవాలి. దానికి పావుగంట ముందు చాయ్ తాగకూడదు, నోట్లో ఆమ్ల గుణం పెరిగితే నికోటిన్ ఎక్కదు. అంటే ఇక్కడా అదే సున్నం కథ! మొదటిసారి దాన్ని దవడకు పెట్టుకుని గేటు దగ్గర నిలబడితే ఒక హమాలీ పిల్లవాడు నా బుగ్గ చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

మధ్యలో ఒకసారి తప్పాను. సూర్యాపేటలో పెళ్లి, బరాత్‌లో ఎవరో సిగరెట్ ఇచ్చారు. రెండు దమ్ములు లాగి పారేశాను. ఆ సంగతి ఇంట్లో ఆ రాత్రే చెప్పాను. మా ఆవిడ ఏమీ అనలేదు. పొద్దున్నే పైపు, మిగిలిన డబ్బాలు గోనెసంచిలో కట్టి మున్సిపాలిటీ చెత్త బండికి ఇచ్చేసింది. ఆ డబ్బాల ధర ఆమెకు ఎప్పుడూ నిజం చెప్పలేదు కాబట్టి నేనూ నోరు మెదపలేదు.

మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాను. అంగిలి మామూలు రంగుకొచ్చింది. నాలుక పక్కన కోసిన చోట సన్నని గీత మిగిలింది, మాట పలకడంలో తేడా లేదు. నడిస్తే వచ్చే ఆయాసం సగం తగ్గింది. పోయిన నెల డాక్టర్ పాత చీటీ ముందు పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగాడు.

"పొగాకు?"

"లేదు సార్."

పెన్ను ఆనించాడు. నేను ఆపి చెప్పాను: "గమ్ ఇంకా నడుస్తోంది సార్. రోజుకు రెండు. నిన్న మూడు."

అదీ రాసుకున్నాడు.