బుస్సీ దొరతో రాని మా ఫ్రెంచి పూర్వీకుడు

మా అమ్మమ్మ వాల్తేరు రైల్వే కాలనీలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. పుట్టింటివాళ్ల పేరు ఫ్రెంచిది కావడంతో వాళ్ల మూలపురుషుడు బుస్సీ దొర సైన్యంలో వచ్చాడని, 1757లో బొబ్బిలి కోట ముందు నిలబడ్డాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నాకు మాత్రం మొదటి నుంచీ అనుమానమే. బుస్సీ సైనికుడి సంతతి అయితే క్యాథలిక్కులు అయ్యుండాలి. అమ్మమ్మవాళ్లు తరతరాలుగా ప్రొటెస్టెంట్లదైన ఇంగ్లీషు చర్చికి వెళ్లేవాళ్లు. పైగా బుస్సీ 1758లోనే ఇక్కణ్ణుంచి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకోవడంతో ఈ తీరంలో ఫ్రెంచివాళ్ల పట్టు సడలిపోయింది.

అమ్మమ్మ బాప్తిస్మం సర్టిఫికెట్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరమే వెనక్కి వెళ్లాను. ఇలాంటి వెతుకులాటకు ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల వివరాలకు నకళ్లు రాసి లండన్ పంపేవాళ్లు. 1698 నుంచి ఉన్న ఆ నకళ్లు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరుసలో దొరుకుతాయి. వాటిలో చాలా పేర్ల సూచిక ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగానే చూడొచ్చు. గుమాస్తాలు ఇంటిపేరును చెవికి ఎలా వినపడితే అలా రాసేశారు. అందుకని పేరు పక్కనపెట్టి ఊరు, రెజిమెంటు పట్టుకుని వెతికాను. అప్పుడే పని ముందుకు సాగింది.

రైల్వే గార్డు, అతని తండ్రి టెలిగ్రాఫ్ ఉద్యోగి, ఆ పైన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఒక డ్రమ్మర్. డ్రమ్మర్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1806లో మచిలీపట్నంలో అతనికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు తండ్రి లెఫ్టినెంట్ అని రాశారు. తల్లి ఈ దేశపు స్త్రీ అని మాత్రమే ఉంది. లెఫ్టినెంటు కొడుకు డప్పు ఎందుకు మోశాడంటే, తల్లి భారతీయురాలైన పిల్లలకు కంపెనీ 1791లో పెద్ద ఉద్యోగాలు మూసేసింది. 1795లో సైన్యం కూడా మూసేసి డ్రమ్మర్లు, వాద్యగాళ్లు, గుర్రాలకు లాడాలు కొట్టేవాళ్ల పనులు మాత్రం మిగిల్చింది. తండ్రి హోదా ఒక్క తరంతోనే ఆగిపోయింది. అది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

లెఫ్టినెంటు ఎవరో క్యాడెట్ కాగితాలు, అంటే కంపెనీ సైన్యంలో అధికారులుగా చేరేవాళ్లు పెట్టుకున్న అర్జీలు, చెప్పాయి. 1789 నుంచి ఉన్న ఈ దస్త్రాల్లో వయసు రుజువుగా బాప్తిస్మం సర్టిఫికెట్ నకలు ఉంటుంది. ఆయన లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో పుట్టాడు. పట్టు నేతగాళ్ల పేట అది, అందులో ఎంతోమంది హ్యూగెనాట్లు. ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లకు 1598లో రక్షణ ఇచ్చిన నాంట్ శాసనాన్ని పద్నాలుగో లూయీ 1685లో రద్దు చేస్తే దేశం విడిచి పారిపోయిన జనం వాళ్లు. వాళ్ల వారసుల్లో కొందరు తర్వాత కంపెనీ కొలువులో చేరి ఇటు వచ్చారు. 1770 నుంచి 1773 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న జోసయస్ డుప్రేది కూడా హ్యూగెనాట్ వంశమే.

లండన్ థ్రెడ్‌నీడిల్ వీధిలోని ఫ్రెంచి చర్చి రిజిస్టర్లను హ్యూగెనాట్ సొసైటీ అచ్చు వేసింది. ఇంగ్లీషు చర్చి రిజిస్టర్లలో సాధారణంగా కనపడని సంగతులు అందులో ఉంటాయి: తల్లిదండ్రులు ఏ ఊరివాళ్లో, బాప్తిస్మం వేళ బిడ్డకు జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడింది ఎవరో. లెఫ్టినెంటుగారి తాత బాప్తిస్మం 1712లో జరిగింది. ఆ తాతకు తండ్రి దక్షిణ ఫ్రాన్సులోని నీమ్ పట్టణంలో పుట్టిన నేతగాడు. బుస్సీ కథకు అక్కడితో తెరపడింది. ఫ్రాన్సు రాజు వెళ్లగొట్టిన ఇంటివాళ్లు, ఫ్రాన్సు మీద పోరాడే సైన్యంలో మన తీరానికి వచ్చారు.

ఆ తర్వాత వీలునామా తెప్పించాను. మద్రాసులో చనిపోయిన కంపెనీవాళ్ల వీలునామాలు, ఆస్తి జాబితాలు కూడా ఇండియా ఆఫీస్ రికార్డుల్లోనే ఉన్నాయి. 1811లో లెఫ్టినెంటు పోయాక ఆయన సామాన్లు వేలం వేశారు. పల్లకీ, రెండు కత్తులు, మదీరా వైన్ సీసాలు, పగిలిన అద్దం, వాటి కింద ‘ఒక పాత ఫ్రెంచి కీర్తనల పుస్తకం’. ఫ్రాన్సు వదిలి అప్పటికి నూరేళ్లు దాటినా ఆ పుస్తకం బందరు దాకా వచ్చింది. ఎవరు కొన్నారో రాశారు కానీ ఆ చోట సిరా చెదిరిపోయింది.

వీలునామాలో ‘నా బిడ్డ తల్లికి’ నెలకు 5 వరహాలు రాశాడు. ఆమె పేరు రాయలేదు. మగవైపు నాకు నీమ్ దాకా పేర్లు దొరికాయి, ఇక్కడి తల్లికి మాత్రం ఒక్క అక్షరమూ లేదు. ఆమె నా ముత్తవ్వల్లో ఒకరు. వీలునామా అమలు చేసినవాళ్లు కోర్టుకు లెక్కలు అప్పగించేవాళ్లు. నెల నెలా ఎవరికి ఎంత ఇచ్చారో ఆ లెక్కల్లో ఉంటుంది, కొన్నిచోట్ల తీసుకున్నవాళ్ల పేర్లు కూడా రాశారు. 1812 తర్వాతి సంపుటాల నకళ్లకు ఇప్పుడే డబ్బు కట్టాను.