మనస్సు ఎన్నిసార్లు వెళితే అన్నిసార్లు

ధ్యానానికి కొత్తగా కూర్చున్నవారిని ఎవరిని కదిలించినా మొదట చెప్పే మాట ఒకటే: ‘కళ్ళు మూసుకుంటే చాలు, ఎక్కడెక్కడి ఆలోచనలూ అప్పుడే వస్తున్నాయి.’ మొదటి నెలలో నేనూ ఈ మాటే అన్నాను. భగవద్గీత ఆరవ అధ్యాయంలోని 26వ శ్లోకాన్ని అప్పటికి ఎన్నోసార్లు పారాయణ చేసి ఉన్నప్పటికీ, అది నా అవస్థ గురించే చెబుతోందన్న సంగతి నాకు తట్టలేదు.

యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్ ।
తతస్తతో నియమ్యైతదాత్మన్యేవ వశం నయేత్ ॥

చంచలమై నిలకడలేని ఈ మనస్సు ఏయే కారణం చేత బయటికి పోతుందో, ఆయా దాని నుంచి మళ్ళించి, ఆత్మయందే వశపరచుకోవాలని దీని తాత్పర్యం. ఇందులో ‘యతో యతః’, ‘తతస్తతః’ అన్న జంట పదాల దగ్గర కాస్త ఆగాలి. మనస్సు ఒక్కసారి కాదు, మాటిమాటికీ పోతూనే ఉంటుందని ఆ ద్విరుక్తే ఒప్పుకుంటోంది. పోకూడదన్న నిషేధం ఈ శ్లోకంలో ఎక్కడా లేదు. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లూ తీసుకురమ్మన్న విధి మాత్రమే ఉంది. పైగా ‘నయేత్’ అన్న క్రియ, నాయకుడు, నేత అన్న మాటలు పుట్టిన ధాతువు నుంచే వచ్చింది. దారి తప్పినవాడిని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకురావడం వంటి పని అది.

చాలామంది ఈ శ్లోకాన్ని వదిలి, దీనికి ముందున్న 25వ శ్లోకంలోని చివరి పాదాన్ని పట్టుకుంటారు. ‘న కించిదపి చింతయేత్’, అంటే దేనినీ చింతించరాదు అన్న ఆ మాటను మొదటి రోజునే సాధించబోయి, పది నిమిషాలలో విసిగి లేచిపోతారు. శంకరాచార్యులు తమ భాష్యంలో దానిని యోగానికి పరమమైన విధిగా చెప్పారు. అది చేరవలసిన శిఖరమే తప్ప ఎక్కవలసిన మొదటి మెట్టు కాదు. ఆ శ్లోకం కూడా ‘శనైః శనైః’, మెల్లమెల్లగా అంటూ మొదలవుతుంది.

మనస్సును మళ్ళించడం ఎలాగన్నదానికి శంకరులు 26వ శ్లోక భాష్యంలో ఒక ఉపాయం చెప్పారు. మనస్సును లాగుతున్న శబ్దాది విషయాల యథార్థ స్వరూపాన్ని నిరూపించుకుని, వైరాగ్యభావనతో అక్కడి నుంచి మరలించాలి. ఈ మాట నాకు అర్థమైంది గ్రంథంలో కాదు, కుక్కర్ దగ్గర. తెల్లవారుజామున నేను కూర్చునే వేళకే పక్క వాటాలో కుక్కర్ పెడతారు. మొదటి విజిల్ రాగానే మనస్సు లెక్కకు దిగుతుంది. మూడైతే పప్పు అని తేలుస్తుంది. పప్పు నుంచి కందిపప్పు ధరకు, ధర నుంచి కిరాణా కొట్టు పద్దుకు, పద్దు నుంచి ఆ కొట్టతను పోయిన సంక్రాంతికి అన్న ఒక పుల్లవిరుపు మాటకు వెళుతుంది. మూడో విజిల్ వచ్చేసరికి నేను లోలోపల అతడితో వాదానికి దిగి ఉంటాను. ఒకనాడు మాత్రం మధ్యలోనే, ‘ఇంతకీ ఏమిటిది?’ అని అడగగలిగాను. ఆవిరి చేసిన చప్పుడు, అంతే. ఆ క్షణంలో వాదం తెగిపోయి, శ్వాస మళ్ళీ చేతికి అందింది.

ఆసనం గురించి 11వ శ్లోకం దర్భలు, వాటిపై జింకచర్మం, ఆపైన వస్త్రం అని చెబుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకచర్మం కోసం వెదకడం గృహస్థుకు తగని పని. దర్భచాప మీద మడత పెట్టిన బట్ట చాలు. దృష్టి విషయంలోనే నేను పొరపడ్డాను. 13వ శ్లోకంలో ‘సంప్రేక్ష్య నాసికాగ్రం స్వం’ అని ఉన్నదని వారం రోజులు ముక్కు కొసనే చూసి తలనొప్పి తెచ్చుకున్నాను. అక్కడ ‘ఇవ’ (వలె, అన్నట్లు) అన్న శబ్దం లోపించిందని గ్రహించాలనీ, చూస్తున్నట్లు ఉండాలే గాని నిజంగా చూస్తే మనస్సు ఆత్మయందు గాక ముక్కు మీదనే నిలుస్తుందనీ శంకరులు స్పష్టంగా రాసి ఉంచారు. భాష్యం ముందు చదివి ఉంటే ఆ వారం మిగిలేది.

అర్జునుడి సంగతి ఇంకా విచిత్రమైనది. ద్రోణుడు చెట్టుకొమ్మన బొమ్మ పక్షిని నిలిపి పరీక్షించినప్పుడు, తనకు పక్షి తల తప్ప మరేదీ కనిపించడం లేదన్నవాడు అతడు. (కన్ను అని లోకంలో ప్రచారమైంది గాని, వ్యాసభారతంలో ఉన్నది తల.) అంతటి ఏకాగ్రత గలవాడే ఆరవ అధ్యాయంలో, మనస్సును నిగ్రహించడం గాలిని పట్టుకోవడమంత దుష్కరమని వాపోయాడు. బయటి గురి మీద కుదిరిన చూపు లోపలికి తిరిగేసరికి అతడికీ కుదరలేదు. దానికి శ్రీకృష్ణుడు చెప్పిన సమాధానంలో మొదటి మాట ‘అసంశయం’, సందేహమే లేదు అన్నది. కష్టాన్ని ముందు ఒప్పుకున్న తరువాతే అభ్యాసవైరాగ్యాల ప్రస్తావన తెచ్చాడు.

ఆ అభ్యాసం ఎటువంటిదో, శంకరుల గురువుకు గురువుగా సంప్రదాయం చెప్పే గౌడపాదులు, మాండూక్యోపనిషత్తుకు వివరణగా శ్లోకాలలో రాసిన మాండూక్యకారికలో చెప్పారు: దర్భకొసతో ఒక్కొక్క బిందువుగా సముద్రాన్ని తోడివేయడం వంటిది, అదీ ‘అపరిఖేదతః’, ఖేదం లేకుండా. సముద్రం మాట వినగానే బెదిరిపోతాము గాని, శ్లోకం బరువంతా ఆ చివరి పదం మీదనే ఉంది. పక్క వాటాలో ఇప్పటికీ మూడు విజిళ్ళే వస్తాయి. నిన్న రెండోదానికే తిరిగి వచ్చాను. ఈ రోజు మళ్ళీ కిరాణా కొట్టు దాకా వెళ్ళాను.