ఎండెక్కాకే మొరాయించే కారు ఏసీ: నా అనుభవం

మా కారు ఏసీ పూర్తిగా పాడైపోయి ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదు. విజయవాడలో పొద్దున్నే బయల్దేరితే చల్లగా ఉండేది. జగ్గయ్యపేట దాటి, సూర్యాపేట దగ్గరపడేసరికి వేడిగాలి మొదలు. టీకి ఆగి అరగంట తర్వాత స్టార్ట్ చేస్తే మళ్ళీ చల్లదనం. వెనక సీట్లో అమ్మ తడి తువ్వాలు మొహానికి వేసుకుని, "ఆ అద్దాలు దించవే, అదే నయం" అనేది.

మెకానిక్‌కి చూపిస్తే వచ్చే మొదటి మాట "గ్యాస్ తగ్గింది మేడం". ఈ మాట నాకు నచ్చదు. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఆ లీక్ వెతకకుండా గ్యాస్ కొట్టడమేమిటి? పైగా గ్యాస్ తక్కువైతే పొద్దున కూడా కూలింగ్ అంతంతమాత్రంగానే ఉండాలిగా! అయినా ఒక షాపులో కొట్టేశారు. ఏసీ పనిచేసింది కూడా. ఎందుకు పనిచేయదు? నా వంతు వచ్చేలోపు ఇంజిన్ చల్లారిపోయింది మరి.

అప్పట్నుంచి నేనే గమనించడం మొదలుపెట్టాను. వేడిగాలి వచ్చేటప్పుడు బ్లోయర్ జోరు తగ్గడం లేదు. అంటే కూలింగ్ కాయిల్ మీద ఐస్ కట్టడం కాదు, అలా కడితే అసలు గాలే సన్నగిల్లుతుంది. సిగ్నల్ దగ్గర వేడిగా, హైవే మీద చల్లగా ఉంటే కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటకి వదిలే భాగం) ఫ్యాన్‌ని అనుమానించాలి. మాకు హైవే మీదే ఆగిపోతోంది, పైగా బానెట్ తీసి చూస్తే ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ మట్టికొట్టుకుపోయి ఉంటే మార్చాను. గాలి పెరిగింది గానీ రోగం అలాగే ఉంది.

దొరికిన ఒకే ఒక్క ఆధారం చప్పుడు. ఏసీ స్విచ్ నొక్కగానే ఇంజిన్ దగ్గర 'టక్' మని వినిపించాలి, గ్యాస్‌ని ఒత్తి తిప్పే కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టుతో కలిపే క్లచ్ పట్టుకునే చప్పుడు అది. ఏసీ మొరాయించినప్పుడు ఎన్నిసార్లు నొక్కినా ఆ టక్ లేదు. (క్లచ్ లేని కంప్రెసర్లున్న కార్లూ ఉన్నాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.)

ఇక చల్లారిన కారు ఎవరికి చూపించినా లాభం లేదనిపించింది. మిట్ట మధ్యాహ్నం ఏసీ వేసుకుని ఊరంతా తిరిగి, అది ఆగిపోగానే ఇంజిన్ ఆపకుండా నేరుగా ఆటోనగర్‌లో ఒక పెద్దాయన షాపుకి పోనిచ్చాను. "ఆపకండి, ఇలాగే చూడండి" అన్నాను. ఆయన నవ్వి, "జబ్బు మీద తీసుకొచ్చావమ్మా, మంచి పని" అన్నారు.

గ్యాస్ ఒత్తిడి చూపే గేజులు తగిలిస్తే రెండు ముళ్ళూ దాదాపు ఒకేచోట నిలబడ్డాయి. కంప్రెసర్ తిరుగుతుంటే ఒకటి కిందకి, ఒకటి బాగా పైకి పోవాలి. బెల్టు, పుల్లీ తిరుగుతున్నాయి, పుల్లీ ముందున్న క్లచ్ ప్లేటు మాత్రం కదలట్లేదు. క్లచ్‌కి వెళ్ళే వైరుకి టెస్ట్ ల్యాంప్ పెడితే వెలిగింది. కరెంటు అక్కడిదాకా వస్తోందంటే ఆ కరెంటుని పంపే రిలే, ప్రెషర్ స్విచ్ లాంటివాటి తప్పు లేదు. ఆయన ఒక కర్రతో ఆ ప్లేటుని కాస్త తోశారు. టక్! చల్లగాలి వచ్చేసింది. తిరిగే బెల్టు పక్కన చేసిన పని అది, ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి.

విషయం ఏమిటంటే, క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య ఉండే సందు మామూలుగా అర మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. వాడేకొద్దీ ప్లేటు అరిగి ఆ సందు పెరుగుతుంది. ప్లేటుని పుల్లీకి లాగి అతికించే లోపలి అయస్కాంతపు కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరిగి, కరెంటు తగ్గి, లాగే బలం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో లాగేస్తుంది, వేడెక్కాక అంత దూరం లాగలేదు. ఎండెక్కాకే ఎందుకు ఆగుతోందో నాకు అప్పుడు అర్థమైంది.

ప్లేటు విప్పి, లోపలున్న పల్చటి వాషర్లలో ఒకటి తీసేసి, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో సందు చూసి బిగించారు. దీనికి గ్యాస్ లైను విప్పాల్సిన పనే లేదు. తర్వాత నేనడిగితే, అంతకుముందు ఇష్టమొచ్చినట్టు కొట్టిన గ్యాస్‌ని మెషిన్‌తో బయటకు లాగి, వ్యాక్యూమ్ పెట్టి (గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి), బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే తూచి నింపారు. ఎక్కువైనా కూలింగ్ దెబ్బతింటుందట.

రోహిణి కార్తెలో హైదరాబాద్ వెళ్ళొచ్చాం, దారిలో ఏసీ ఎక్కడా ఆగలేదు. ఇంకా అరిగితే తీయడానికి వాషర్ ఉండదని ఆయన ముందే చెప్పారు: "అప్పుడు కంప్రెసర్ మొత్తం మార్చాలంటారు. క్లచ్ సెట్ విడిగా దొరుకుతుందేమో ముందు అడుగమ్మా."